మల్లయ్య యను పేరు

కల్వకుర్తి అంగడిలో నిలిచి "మల్లయ్యా!" యని యెలుగెత్తి పిలిచినచో నేటికిని నలుగురైదుగురు వెనుదిరిగి చూడకపోరు. కాని అట్లు తిరిగిన తలలన్నియు నెరసినవే యగును. వారి కుమారులలో మల్లేశులు కలరు, మల్లికార్జునులు కలరు. వారి మనుమలలో ఆ యక్షరములే అరుదు. వందల యేండ్లు జీవించిన పేరు రెండు తరములలో ఇట్లు సన్నగిల్లుటకు కారణమేమి? "పాతపేరు గదా" యని తల్లిదండ్రులు చెప్పుదురు. రాముడును కృష్ణుడును మల్లయ్యకంటె క్రొత్తవారు కారు. వారి పేర్లు ఏదో యొక రూపమున నేటికిని పెట్టుచునే యున్నారు. కావున ఈ సమాధానము చాలదు. ఈ పేరు పుట్టుకను, వ్యాప్తిని, తరుగుదలను విచారించినచో మన గ్రామజీవనమునందలి యొక సంగతి బయటపడును. అది మనమందరము ఎఱిగినదే కాని, చరిత్రలో వ్రాసికొనుటకు వెనుదీయుచున్నాము.

మా ప్రాంతమున ఈ పేరు ప్రబలుటకు హేతువు వెదకుచు దూరము పోవలసిన పనిలేదు. పూర్వము పాలమూరు జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన కల్వకుర్తి, హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు త్రోవ చేరువనే యున్నది. ఆ త్రోవ డిండి దాటి మన్ననూరుకడ నల్లమల యడవిలో ప్రవేశించును. శ్రీశైలమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు చెప్పుదురు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున అచ్చంపేట చేరువనున్న ఉమామహేశ్వరము. ఈ నాలుగింటిలో రెండు పూర్వపు పాలమూరు జిల్లాలోనివే. శివరాత్రికి కాలినడకను కొండకు పోవువారు తరతరములుగా మన యూళ్లమీదుగనే పోయిరి. సంతానము కలుగని దంపతులు మల్లన్నకు మ్రొక్కుకొనెడివారు. కొడుకు పుట్టినచో మల్లయ్య, కూతురు పుట్టినచో మల్లమ్మ. తాతపేరు మనుమనికి, అవ్వపేరు మనుమరాలికి పెట్టు ఆచారము దీనికి తోడయ్యెను. మ్రొక్కు ఒకసారి పేరును ఇంటిలోనికి తెచ్చినచో, ఆచారము దానిని పోనీయక తరము విడిచి తరమునకు అందించుచుండెను.

ఇక అర్థమునుగూర్చి. సంస్కృతము చదివినవారు పలువురు మల్లయ్య యనునది మల్లికార్జున శబ్దమునకు పామరరూపమని ఒక్కమాటతో తేల్చివేయుదురు. మల్లిక యనగా మల్లె. అర్జున శబ్దమునకు తెలుపని యర్థము కలదు. అమరసింహుడు దీనిని ధవళవాచకములలో చేర్చినాడు. మద్దిచెట్టునకును అదియే పేరు. మల్లెవలె తెల్లనివాడని కొందఱును, మల్లెతీగ అల్లుకొన్న మద్దిచెట్టుక్రింద వెలసినవాడని కొందఱును అర్థము చెప్పుదురు. స్థలపురాణము వేఱొక కథ చెప్పును. చంద్రగుప్తపట్టణపు రాజకుమార్తె చంద్రావతి దినదినము మల్లెపూలతో లింగమును అర్చించెనట. అందువలన స్వామికి ఆ పేరు కలిగెనట. కథ రమ్యముగనే యున్నది. అయినను పేరు ముందుండగా దానిని వివరించుటకై కథ తరువాత పుట్టుట మన పురాణములలో అరుదు కాదు.

దేశిపక్షమువారి మాట వేఱు. ద్రావిడభాషలలో కొండకు మల, మలె, మలై అను పేర్లున్నవి. మనకును నల్లమల, ఎఱ్ఱమల, తిరుమల యను పేర్లలో ఆ మాట నిలిచియున్నది. కొండకు ప్రభువైన అయ్యయే మల్లయ్య యనియు, పండితులు పిమ్మట ఆ దేశ్యనామమునకు మల్లికార్జునుడని సంస్కృతవేషము వేసిరనియు వీరి వాదము. నల్లమల చెంచులు నేటికిని స్వామిని చెంచుమల్లయ్య యందురు. తమ యాడుపడుచును పెండ్లాడిన అల్లుడని చెప్పుకొందురు. లింగమునకు అభిషేకము చేయువారి దృష్టికిని, అల్లుడని పిలుచువారి దృష్టికిని ఎంత యంతరమో చూడుడు! ఈ వాదము నాకు రుచించునదే. కాని ఇందొక చిక్కు కలదు. మలకు లకారము ఒక్కటి, మల్లనకు రెండు. ఈ ద్విత్వమునకు కారణము చూపనిదే వాదము సిద్ధాంతము కాజాలదు. మఱియొక వైపున, సంస్కృతపు మల్లిక యను మాటయే ద్రవిడమునుండి పోయినదని తలచు భాషావేత్తలు కలరు. తమిళపు ముల్లై, మన మొల్ల, మల్లె ఒక తీగకు పూచినవే యని వారి తలంపు. అదియే నిజమైనచో, ఎవరినుండి ఎవరు అప్పు తెచ్చుకొనిరో తేల్చకుండ, మల్లయ్యను మల్లికార్జునునికి వికృతి యనుట సాహసము. నేను సంస్కృతము చదివినవాడనే యైనను ఈ విషయమున సంస్కృతపక్షమునకు సాక్ష్యము చెప్పజాలను.

ఇంతటితో నైనదా? మల్ల శబ్దమునకు సంస్కృతమున జెట్టి యనియు అర్థము కలదు. జైనులకు పందొమ్మిదవ తీర్థంకరుడు మల్లినాథుడు. శ్వేతాంబరులు ఆ తీర్థంకరుని స్త్రీ యని చెప్పుదురు. ఒకప్పుడు జైనము వర్ధిల్లిన మన తెలంగాణమున ఈ పేరు ఆ త్రోవనుగూడ కొన్ని యిండ్లలోనికి వచ్చియుండవచ్చును. ఇవన్నియు నొక యెత్తు, మైలారుదేవుని సంగతి యొక యెత్తు. కొమురవెల్లిలోను, ఐనవోలులోను వెలసిన మల్లన్న శ్రీశైలపు లింగమూర్తి వంటివాడు కాడు. ఆతడు మీసములు దువ్విన వీరుడు, గొఱ్ఱెలకాపరుల యిలవేలుపు. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ యను నిద్దఱు భార్యలు గలవాడు. ఒగ్గువారు పసుపుతోను, రంగులతోను పట్నములు వేసి, ఢమరుకము మ్రోగించుచు ఆతని కథ చెప్పుదురు. క్రీడాభిరామమున ఓరుగంటి మైలారుభటుల ఘోరవ్రతముల వర్ణన కలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో వానిని చర్చించినారు. ఈ దేవునినే మహారాష్ట్రులు ఖండోబా యని జెజూరిలో కొలుతురు. అచటి పురాణమున మణి, మల్లుడు అను నిద్దఱు రాక్షసులను ఆ దేవుడు సంహరించెను. కావున మల్లునికి అరి యైన మల్హారి. మరాఠాలలో మల్హార్ అను పేరు దానినుండి వచ్చినదే; హోల్కరు సంస్థానమును స్థాపించిన మల్హారరావు (1693-1766) ఈ పేరువాడు. మనకు మల్లుడు దేవుడు. వారికి మల్లుడు దేవుని చేత చచ్చిన రాక్షసుడు. కొలుచునది యిరువురును ఒక్కనినే!

ఇట్లు కొండ, మల్లె, జెట్టి, జినుడు, గొల్లల వీరుడు అందఱును కలిసి పోషించిన పేరు గనుకనే ఇది యొక కులమువారి సొత్తు కాలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289వ సంవత్సరపు శాసన మొకటి దొరకినది. కాకతి రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకము చేరగా, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యనువాడు భూదానము చేసినట్లు అందున్నది. రుద్రమదేవి మరణకాలమును నిర్ణయించుటకు చరిత్రకారులకు ఆధారమైన ఆ శాసనమున, మహారాజ్ఞి పేరు ప్రక్కనే ఒక మల్లన పేరు నిలిచినది. విజయనగరమును 1446 నుండి 1465 వఱకు ఏలిన రాజు మల్లికార్జునుడు. పండ్రెండవ శతాబ్దపు శైవాచార్యుడు మల్లికార్జున పండితారాధ్యుడు. పాలకురికి సోమనాథుడు ఆతని చరిత్రను వ్రాయుచు శ్రీశైలయాత్రను పర్వతప్రకరణమున విపులముగా వర్ణించినాడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించినవాడు పావులూరి మల్లన. జంటకవులలో ఒకడు నంది మల్లయ్య. కాళిదాసుని కావ్యములకు సంజీవని వ్రాసిన మల్లినాథసూరి మెదకు జిల్లా కొల్చారమువాడు. కాశీలో గాని కాశ్మీరమున గాని రఘువంశము చదువు బాలుడు మన తెలంగాణపు మల్లనను ఆశ్రయింపక ముందునకు పోజాలడు. ఇక స్త్రీలలో ఆతుకూరి మొల్ల. శ్రీకంఠమల్లేశుని వరమున కవిత్వము చెప్పితినని రామాయణమున చెప్పుకొన్న ఆమె పేరును ఒక మల్లెజాతి పూవే. రాజు, సేనాని, ఆచార్యుడు, గణితజ్ఞుడు, వ్యాఖ్యాత, కవయిత్రి! వీరిలో నెవరును ఈ పేరు మోయుటకు సిగ్గుపడినట్లు కానరాదు.

మఱి సిగ్గు ఎప్పుడు పుట్టెను? నా యభిప్రాయమున సిగ్గు పేరులో లేదు, పేరు తోకలో నున్నది.

మన యూళ్లలో మల్ల యను ప్రాతిపదిక నాలుగైదు మెట్ల నిచ్చెన. దొరగారింట పుట్టినచో మల్లారెడ్డి. కరణముగారింట మల్లారావు. కాపుదనముననో వ్యాపారముననో నాలుగు గింజలు కలవాడు మల్లయ్య. చేతిపనివాడు ముసలివాడగు వఱకు మల్లడు. ఊరివెలుపలి వాడలోనివాడు తన మనుమలు పెండ్లిండ్లు చేసికొనిన పిమ్మటను మల్లిగాడే. స్త్రీలకును ఇట్లే: ఒకతె మల్లమ్మ, ఒకతె మల్లి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒక్కటియే. ఎవరు పిలుచుచున్నారు, ఎవనిని పిలుచుచున్నారు అనుదానినిబట్టి తోక మాఱును. పదియేండ్ల దొరబిడ్డ అఱువదియేండ్ల పాలేరును "ఒరే మల్లిగా" యని పిలుచుటయు, ఆతడు "దొరా" యని చేతులు కట్టుకొని వచ్చుటయు చూచినవారు ఇంకను మన నడుమ నున్నారు.

ఇది సనాతనమని భ్రమించువారికి కాకతీయకాలపు శాసనములు చక్కని సమాధానము. చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఆ శాసనములలోని పేర్లను శ్రమతో పరిశీలించి 2001లో ఒక గ్రంథము ప్రకటించినది. నాయక, రెడ్డి, బోయ, సెట్టి, రాజు మున్నగు తోకలు ఆనాడు పుట్టుకతో కదలక నిలిచిన కులచిహ్నములు కావనియు, పదవిని, వృత్తిని, సంపాదించిన గౌరవమును తెల్పునవి యనియు, తండ్రికొక తోక కొడుకు కొక తోక యుండుటయు కలదనియు ఆమె చూపినది. అనగా ఆనాడు మల్లడు మల్లినాయకుడు కావచ్చును. చందుపట్ల శాసనములోని మల్లికార్జునుని నాయకత్వము అట్టి కాలపుదే. ఆ నిచ్చెనకు మెట్లు ఉండెను, ఎక్కుటకు త్రోవయు కొంత ఉండెను. పిమ్మటి శతాబ్దములలో మెట్లు మిగిలినవి, త్రోవ మూసికొనిపోయినది.

ఆసఫ్‌జాహీల కాలమున దేశముఖుల యధికారమును, పటేలు పట్వారీల వంశపారంపర్యపు హక్కులును, వెట్టిచాకిరియు కలిసి ఈ మూతను గట్టిచేసినవి. భూమి ఎవరిదో కాగితములలో వ్రాయువాడే మనుష్యుని పేరునుగూడ వ్రాయువాడు. 1884లో పారసీకి బదులు ఉర్దూ రాజ్యవ్యవహారభాష యైనప్పటినుండి ఈ పేర్లు ఆ లిపిలో పడరాని పాట్లు పడినవి. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సామాన్యముగా వ్రాయరు గనుక మల్ల యని వ్రాసినదానిని ముల్లా యని చదువుటకును వీలు కలదు! శివభక్తుడు కాగితముమీద మతము మార్చుకొనుటకు గుమాస్తా తొందరపాటు చాలును. అది నవ్వుకొనదగిన సంగతి. నవ్వరాని సంగతి యేమనగా, తెలుగు లిపిలో నైనను ఉర్దూ లిపిలో నైనను, ఒకనికి పేరు చివర గౌరవవాచకము వ్రాసిన కలము మఱియొకనికి వ్రాయదు.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. ఆ మహాసభయు, 1946-51 నడుమ జరిగిన రైతాంగపోరాటమును వెట్టిని నిరసించినప్పుడు, దానితోడనే "ఒరే", "గాడు" అను పిలుపులుగూడ నిరసనకు పాత్రము లైనవి. అంతకు ముందే హైదరాబాదులో ఒక మహనీయుడు తన పేరుతోనే పోరాడినాడు. మాదరి భాగయ్య (1888-1939) భాగ్యరెడ్డి యయ్యెను. 1913లో ఆర్యసమాజమువారు ఆయన సేవను మెచ్చి వర్మ యను బిరుదము నిచ్చిరి. ఊరివారు గాడు అని పిలువదలచిన కులమున పుట్టినవాడు రెడ్డి యనియు వర్మ యనియు రెండు తోకలు ధరించి సభలలో నిలుచుట ఆనాటివారికి ఎంతటి విడ్డూరమో ఊహింపుడు. ఆయన తన జనమునకుగూడ పేరు మార్చవలెనని పాటుపడగా, 1931 హైదరాబాదు జనాభా లెక్కలలో వారిని ఆదిహిందువులని వ్రాసిరి.

అందఱును భాగ్యరెడ్డివర్మలు కాజాలరు. సామాన్యులు చడిచప్పుడు లేకుండ వేఱొక త్రోవ త్రొక్కిరి: తాము మల్లయ్యలుగా ఉండిపోయి, బిడ్డలకు ఆ పేరు పెట్టుట మానివైచిరి. మొదటి తరము మల్లేశ్, మల్లేశం, మల్లికార్జున్ అనువానిలో ఆగినది. ఈ రూపములకు గాడు తగిలించుట కొంచెము కష్టము, నాలుక తిరుగదు. 1951లో బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి చలనచిత్రము వచ్చి, ఆడుపిల్లల పేరుగా ఆ మాటకు మిక్కిలి వన్నె తెచ్చినది. ఈ నడిమి రూపములు వట్టిపోలేదు. ఆలేరు ప్రాంతపు చేనేతయింట పుట్టిన చింతకింది మల్లేశం తల్లి పడు శ్రమను చూడలేక ఆసు పోయు యంత్రమును నిర్మించి, దానికి తల్లి లక్ష్మిపేరు పెట్టి, 2017లో పద్మశ్రీ పొందినాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువు లెత్తి పతకము గెలిచిన తొలి భారతీయ వనిత కరణం మల్లీశ్వరి. మల్ల శబ్దమునకు జెట్టి యను అర్థము చెప్పిన కోశకారులు ఆమెను చూచినచో సంతోషించియుందురు!

భక్తి తగ్గుటచేత పేరు తగ్గినదని కొందఱు పెద్దలు వగచుచుందురు. అది పొరపాటు. 1981 నాటికి శ్రీశైలపు ఆనకట్ట పూర్తియైనది. అడవిలో మంచి బాట పడినది. నాడు దినముల తరబడి నడచిన దూరము నేడు బస్సులో పూటలో ముగియుచున్నది. యాత్రికులు తగ్గలేదు, పెరిగిరి. ఆ జలాశయపు నీటినే ఎత్తిపోసి కల్వకుర్తి చుట్టుప్రక్కల పొలములకు తెచ్చుచున్నారు. మల్లన్న పాదముల చెంత నీరు మా చేలలో పాఱుచున్నది. దేవుని విడువలేదు, పేరును మాత్రము విడిచిరి. జన్మనక్షత్రమునుబట్టి మొదటి యక్షరము, అంకెలు కూడి యక్షరములను పెంచుట, చలనచిత్రతారల మోజు ఇవియు కారణములే. మల్లారెడ్డులును, మల్లారావులును క్రొత్తగా పుట్టకపోవుటకు అవియే చాలును. కాని దొరలయింట పేరు అలంకారముగా మాఱినది. పాలేరులయింట గాయము మాన్పుకొనుటకై మాఱినది. లెక్కలో రెండును ఒకటిగనే కనబడును.

బడిలో చేరిక పుస్తకము వ్రాయునప్పుడు నాకు ఈ భేదము తెలియుచుండును. తండ్రిపేరు అడిగినచో, కొందఱు "మల్లయ్య" యని చెప్పి, కలము కదలువఱకు ఆ చివరి "అయ్య" పడినదో లేదో యని తొంగిచూతురు. మా యుపాధ్యాయులలోగూడ పూర్వము తోక కత్తిరించి వ్రాసినవారు కలరు. ఆ వ్రాత పిమ్మట ధ్రువపత్రములలోను, నౌకరీ కాగితములలోను మనుష్యుని వెంబడించినది. నేటి గుర్తింపు కార్డులలోను అక్షరము మార్చుట అంత సులభము కాదు. కావున పేరు వ్రాయునప్పుడు తండ్రిని మాత్రమే కాక, తల్లినిగూడ అడిగి, వారు పలికినట్లే వ్రాయవలెనని నేను పట్టుబట్టుచుందును. బిడ్డకు మల్లయ్య యని ఎందుకు పెట్టలేదని మాత్రము ఎవరిని అడుగను. ఆ ప్రశ్న వారిని కాదు, ఊరిని అడుగవలసినది.

ఆడుపిల్లల పట్టికలో మాత్రము ఒక వింత కనబడుచున్నది. మల్లమ్మ లేదు, మల్లి లేదు. మల్లిక యున్నది. ఈ పేరు నగరపు మోజువలన వచ్చినదని తల్లిదండ్రులు తలచుచున్నారు. ఇంటిలో మంచముమీద కూర్చున్న మల్లవ్వ తన మనుమరాలి క్రొత్తపేరును నోరు తిరుగక, మొదటి రెండక్షరములే పలికి, "మల్లీ" యని పిలుచుచున్నది; ఆ పిల్ల పలుకుచున్నది.